బిగించని తలుపు

వరద తగ్గి నాలుగు రోజులైంది. అత్తయ్య అన్నం ముట్టి మూడు రోజులైంది!

గోడలకు నడుమెత్తున బురద గీత. వడ్రంగి భార్య ఇంట్లో బురదంతా పారతో ఎత్తిపోసి, గచ్చు మూడుసార్లు కడిగి, తడికట్టెల పొగకు కళ్లు మండిపోతుంటే అన్నం వండింది. ఆ పళ్లేన్ని అత్తగారు చేత్తో పక్కకు జరిపేసింది. కోడలి గుండె కలుక్కుమంది... తనవల్ల ఏం తప్పు జరిగింది?

"నా మీద కోపమైతే నన్ను తిట్టండి అత్తయ్యా! అన్నం ఏం చేసింది?"

"నీ మీద కోపమేంటే పిచ్చిదానా..." ముసలామె నుదురు కొట్టుకుంది. "బావి ఎండిందని నెల రోజులు వాన కోసం మొక్కింది ఎవరు? నేను! ఇచ్చాడు దేవుడు... ఊరు ముంచి మరీ ఇచ్చాడు! అన్నీ చేతనైనవాడైతే ఎక్కడ ఆపాలో తెలీదా? చేతకానివాడైతే ఇన్నేళ్లూ నేను దండం పెట్టింది ఎవరికే?"

కోడలికి ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది!

"నేనూ మొక్కాను అత్తయ్యా, మూడేళ్లు! మీ అబ్బాయి ఊరందరికీ తలుపులు బిగిస్తాడు, మన తలుపు మాత్రం ఒక్క స్క్రూ మీద వేలాడింది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను, ఆయన వినలేదు. దేవుడికి చెప్పుకున్నాను, ఆయనా వినలేదు. ఆ రోజు నీళ్లు గుమ్మం దాటగానే ఒక్క లాగుడుకే ఊడొచ్చింది. దాని మీదే కదా మిమ్మల్ని పడుకోబెట్టి బడి ఉన్న మిట్ట దాకా నీళ్లలో తోసుకెళ్లాం! నా మొక్కు తీరి ఉంటే..."

నీళ్లలో నాని తెల్లబడిన ఆ కోడలి చేతులను అత్తగారు పట్టుకుంది.

"అయితే ఆ దేవుడికి చేతనవుతుందంటావా, కాదంటావా?"

"నాకు తెలీదు అత్తయ్యా. తోసీ తోసీ నా భుజాలు ఇంకా నొప్పెడుతున్నాయి, అదొక్కటే తెలుసు. వరదను మాత్రం మీ నెత్తిన వేసుకోకండి. మీరు పిలిస్తే పరుగెత్తుకొచ్చేవాళ్లు ఈ ఇంట్లోనే లేరు, మబ్బులు వస్తాయా!"

ముసలామె ఫక్కున నవ్వింది. కన్నీళ్లు తుడుచుకోకుండానే పళ్లెం దగ్గరకు లాక్కుంది.

"ఉప్పు చాల్లేదే," అంది రెండో ముద్దకు.

ఆ వంక కోడలి చెవులకు ఎంత చల్లగా వినిపించిందో!

అప్పుడే వడ్రంగి తలుపును వీపున మోసుకుంటూ వచ్చి గోడకు ఆనించాడు. "ఇవాళ బిగించేస్తున్నాను. ఇక నన్ను సాధించకు!"

"బిగించరా నాయనా," అంది తల్లి ముద్ద మింగి. "కానీ మరీ గట్టిగా వద్దు."

వడ్రంగి భార్య వంక చూశాడు. మూడేళ్లు పోరిన ఆ ఇల్లాలు తలూపింది... గట్టిగా వద్దనే!