జైనూర్‌లో నెట్ మంచిగనే ఉంది

"మా పిల్లలు మీకు బయటోళ్ల లెక్క కనవడుతుండ్రా సార్?"

ఫోన్లో తిమోతితో లిడియా మాట్లాడిన మొదటి మాటే తగువు. ఆమె జైనూర్‌లో ఒక ట్రస్టు సెంటర్‌లో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. అతను కరీంనగర్‌లో కూర్చొని ఆ ట్రస్టు సర్వర్ చూస్తాడు. ఒక్కో ఊరి సెంటర్‌కు నెట్‌వర్క్‌లో ఒక ముక్కను, అంటే సబ్‌నెట్‌ను, విడదీసి, కంప్యూటర్ ఆన్ చేయగానే దానికో అడ్రస్ ఇచ్చేది ఆ డీహెచ్‌సీపీ సర్వరే. ఆ సర్వర్ లెక్కలో ట్రస్టు కంప్యూటర్లు ఒక క్లాసు, అంటే ఒక గుంపు. వచ్చిపోయేవాళ్ల ఫోన్లు ఇంకో క్లాసు. వాటికి పాఠాలు తెరుచుకోవు. జైనూర్ కంప్యూటర్లన్నీ వెళ్లి ఆ వచ్చిపోయేవాళ్లలో పడ్డాయి.

"పరేషాన్ గాకుండ్రి మేడమ్. చూస్త."

చూశాడు. కుదరలేదు. రోజూ ఫోన్లే. కేబుల్ దగ్గర మొదలైన మాట చింతతొక్కు దాకా పోయేది. ఎంత కోప్పడినా, మధ్యాహ్నం ఫోన్ మోగకపోతే లిడియాకు అన్నం దిగేది కాదు.

ఒకరోజు జోరువానలో అతనే జైనూర్‌లో బస్సు దిగాడు. నిలువునా తడిసి, ల్యాప్‌టాప్ సంచిని మాత్రం కవర్లో చుట్టి పసిబిడ్డలా పట్టుకొని.

"సంచి తడవొద్దు, మీరు తడిస్తే ఏం గాదా?"

"నేనైతే ఆరుత మేడమ్. గిది ఆరది."

ఒక కంప్యూటర్‌ను వెనక్కి తిప్పి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "గివి వేరే కంపెనీయి! నేను కరీంనగర్‌ల ఉన్న కంప్యూటర్ల కంపెనీ గుర్తు చూసి, గా గుర్తున్నయే మనయి అని సర్వర్‌ల రాసిన."

"గీ ముచ్చట ఫోన్ల అడిగినా చెప్తుంటి గదా! గింత వానల, గింత దూరం..."

"అవు. అడగొచ్చు."

అతను స్క్రీన్ మీంచి తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రూలు మార్చాడు. కంప్యూటర్లు ఒక్కొక్కటే తమ క్లాసులోకి వచ్చాయి. పాఠాలు తెరుచుకున్నాయి. పిల్లలు కేకలేశారు. లిడియా గుండె తేలికపడింది. ఆ వెంటనే బరువెక్కింది. అంతా బాగైతే ఇక ఫోన్ ఎందుకు చేస్తాడు?

"ఇగ మీకు ఫికర్ లేదు," అని మెల్లగా చెప్పి అతను బస్టాండ్‌కు నడిచాడు. వెళ్లిపోయేవాళ్ల వీపు చూడటం లిడియాకు ఎప్పుడూ చేతకాదు. కంప్యూటర్ల వంక చూసింది. ఒక్కటైనా ఆగిపోతే బాగుండు! పాడు పెట్టెలు, ఒక్కటీ ఆగలేదు.

ఫోన్ చేసింది.

"సార్, నెట్..."

"మళ్ల పోయిందా?" ఆ గొంతులో సంబరం దాగలేదు.

"లేదు. మంచిగనే ఉంది."

అవతల వాన చప్పుడు.

"మంచిగుందని చెప్పేటందుకే చేసిన. రేపు గూడ చేస్త. చెడిపోతెనే చెయ్యాల్నా?"

ఫోన్లో బస్సు హారన్ మోగి, దూరమై, సద్దుమణిగింది. పోయిండు అనుకుంది లిడియా. కళ్లు మసకబారాయి.

"మేడమ్... బస్సు పోయింది."

"మరి మీరు?"

"ఎక్కలే."

లిడియా గోడకు ఒరిగి నవ్వేసింది.

కూతురు లిడియాకు గొడుగు తెచ్చిన సాయవ్వ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"గా పిలగాడు ఇంక వానలనే ఉన్నడా? ఇంటికి తోల్కరా పో, చాయ్ తాగుతడు. పిల్లల్ని నేను చూస్త."

"గొడుగు ఒక్కటే ఉన్నది గదనే అవ్వా?"

"అవు. ఒక్కటి సాలదా?"