మూడో తలుపు ఎవరి తప్పు?

షిఫ్ట్ ముగిసింది. హిమగని కేంద్రంలో ఇరవై ఆరు మందీ హెల్మెట్లు తీసి, మంచు పెట్టెల మీద గుండ్రంగా కూర్చున్నారు.

అది 2088. చంద్రుడి దక్షిణ ధ్రువంలో, ఎండ మొహం ఎరగని ఒక లోతైన గుంటలో మంచు తవ్వి నీళ్లు చేయడం వాళ్ల పని. పని అవగానే పది నిమిషాలు ఇలా కూర్చుని, ఆ రోజు ఎవరు చేసిన తప్పు వాళ్లు చెప్పుకోవాలి. అందరికంటే ముందు చీఫ్ చెప్పాలి. పదకొండేళ్ల క్రితం ఈ అలవాటు పెట్టింది చీఫ్ నీలవేణే.

"రెండో డ్రిల్లు వేడెక్కుతోందని ఫల్గుణ్ పొద్దున్నే చెప్పాడు. నేను వినిపించుకోలేదు. నా తప్పు," అంది.

"నాను టీ ఫ్లాస్కు తీసుకెల్లి ప్రెషర్ మీటరు మీద పెట్టేసినానక్కా, ఒలికిపోనాది," అన్నాడు మెకానిక్ సింహాచలం, మూడు వేళ్లే మిగిలిన కుడిచేత్తో తల గోక్కుంటూ.

"మీటరు తాగిందా, నువ్వు తాగావా?" అంది నీలవేణి.

"సెరిసగం."

అందరూ పగలబడి నవ్వారు. ఒప్పుకున్న తప్పుకి ఇక్కడ శిక్ష లేదు. కానీ గాలి లేని చోట దాచిన తప్పు ప్రాణం తీస్తుంది. ఈ పది నిమిషాల పుణ్యమా అని పదకొండేళ్లలో ఒక్క ప్రాణం పోలేదు. పోయినవి సింహాచలం రెండు వేళ్లే.

ఆ వేళ్లు పోయింది ఆరేళ్ల క్రితం, బయటికి తెరుచుకునే మూడో తలుపు దగ్గర. ఒత్తిడి సరిచూడకుండా దాన్ని తీసింది ఫల్గుణ్. అప్పటికి వాడు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. "కంపెనీ నన్ను కిందకి, భూమికి పంపించేస్తుందక్కా, నా బతుకు అయిపోతుంది," అని స్టోర్ రూములో నీలవేణి చేతులు పట్టుకుని ఏడ్చాడు. నీ పేరు బయటికి రానివ్వనని ఆమె మాటిచ్చింది. ఆ సాయంత్రం అందరి మధ్య కూర్చుని, "మూడో తలుపు నా తప్పు" అని చెప్పిందామె. వేళ్లకి కట్టుతో ఉన్న సింహాచలం, "సెప్పేసినావు గదా, అయిపోనాది," అన్నాడు. అంతటితో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఫల్గుణ్‌నే పక్కన కూర్చోబెట్టుకుని మూడేళ్లు కష్టపడి ఆమె తయారుచేసిన యంత్రం నాయకదర్శిని. పైకప్పు మైకుల్లోంచి వచ్చే మాటలు, మణికట్టు పట్టీలు చెప్పే నాడి, ఒక్కొక్కరు తీసుకున్న నిర్ణయాలు అన్నీ కలిపి చూసి, ఎవరిలో నాయకుడి గుణాలున్నాయో అది తేల్చి చెబుతుంది.

"ఏ గుణాలు రాద్దాం మేడమ్? నిజాయితీ, ఓర్పు, నలుగురి మాటా వినడం..." అని అడిగాడు ఫల్గుణ్ మొదటి రోజున.

"జాబితాలు వద్దు. మనుషులు చెప్పేది వేరు, చేసేది వేరు. చేసేదే చూపించు. అదే నేర్చుకుంటుంది."

యాభై ఏళ్లలో రకరకాల కేంద్రాల్లో పైకొచ్చిన మూడువందల పన్నెండు మంది చీఫ్‌ల రికార్డులు దానికి నేర్పించారు.

ఇప్పుడు నీలవేణి పదవీకాలం ముగిసింది. తర్వాతి చీఫ్‌ని, మళ్లీ ఆమెనైనా సరే, నాయకదర్శినే ఎంచాలని కంపెనీ తీర్మానించింది. కుర్చీ మీద ఆమెకి మోజు లేదు. కానీ ఈ పది నిమిషాలూ దండగని కంపెనీ ఎప్పటినుంచో గొణుగుతోంది. చీఫ్ మారితే ఈ అలవాటు ఉంటుందో పోతుందో, దాంతోపాటు ఎన్ని ప్రాణాలు పోతాయో.

మర్నాడు ఉదయం తెర మీద పేరు వెలిగింది. ఫల్గుణ్.

కింద కారణం కూడా ఉంది. ఒప్పుకున్న తప్పులు: నీలవేణి, రెండు వేల నూట నాలుగు. ఫల్గుణ్, పంతొమ్మిది. అతి పెద్ద తప్పు: మూడో తలుపు, నీలవేణి.

నీలవేణి ఆ అంకెలు మళ్లీ చదివింది. తప్పులు చెప్పుకునే ఆ పది నిమిషాలూ మైకులు ఆపేస్తామన్నది ఆమె అందరికీ ఇచ్చిన మాట. మూడేళ్లుగా ఆ స్విచ్ ఉన్నది ఫల్గుణ్ చేతిలో.

"ఆపలేదా నువ్వు?"

"మనుషులు చేసేదే చూపించమని మీరే అన్నారుగా, నీలవేణి గారూ."

మేడమ్ అనే పిలుపు పోయింది. అక్క ఎప్పుడో పోయింది. "మూడో తలుపు సంగతేంట్రా?" అంది.

"అది మీ పేరు మీదే ఉందండీ. మీరే చెప్పారు, అందరూ విన్నారు." అతని కళ్లు తెర మీదే ఉన్నాయి.

అతను వెళ్లాక ఆమె యంత్రం ముందు కూర్చుంది. "మూడో తలుపు తీసింది నేను కాదు."

"తెలుసు," అంది నాయకదర్శిని. "స్టోర్ రూములో భద్రతా మైకు ఉంది. ఆ ఏడుపు పాత రికార్డుల్లో విన్నాను."

"తెలిసీ నా పేరు రాశావా?"

"నిన్న ఫల్గుణ్‌ని అడిగాను, ఎవరి తప్పని. మీదని చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన నాడి ఒక్క దెబ్బ కూడా తేడా కొట్టలేదు. ఆ గుణం కోసమే వెతుకుతున్నాను."

"ఏ గుణం?"

"తన తప్పు ఇంకొకరి మీద పడుతున్నా చలించకపోవడం. మీరు నాకు చూపించిన మూడువందల పన్నెండు మందిలో రెండువందల ఎనభై ఎనిమిది మందికి అది ఉంది. తప్పు తన మీద వేసుకున్న వాళ్లూ కనిపించారు. వాళ్లంతా సగంలోనే ఆగిపోయారు. మనుషులు ఎవరిని పొగుడుతారో చూడొద్దన్నారు మీరు. ఎవరిని పైకి ఎక్కిస్తారో అదే చూశాను."

నీలవేణి తెర మీది తన పేరు కేసి చూసింది.

"ఇప్పుడు చెప్పండి," అంది యంత్రం. "ఆ తప్పు ఆయన పేరు మీదకి మార్చేయమంటే మార్చేస్తాను. లెక్కలో బరువంతా ఆ ఒక్కదానిదే. ఫలితం తారుమారవుతుంది."

ఎదురుగా కుర్చీ ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ రోజు స్టోర్ రూములో వాడికి మాటిచ్చింది తను. మాట తప్పితే ఆ రెండువందల ఎనభై ఎనిమిది మందికి ఇంకొకరు తోడవుతారు. ఆమె లేచి బయటికి నడిచింది.

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ అందరూ గుండ్రంగా కూర్చున్నారు. నెత్తిన మైకులు వింటున్నాయని ఇప్పుడు అందరికీ తెలుసు. కొత్త చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ నా వైపు తప్పులేం లేవు."

పక్కవాడు అటూ ఇటూ చూశాడు. "నా వైపూ లేవు."

మాట చక్రంలా తిరిగి సింహాచలం దగ్గరికొచ్చింది. గాలి పోకుండా మూడో తలుపుకి ఈ రోజు వేయాల్సిన కొత్త రబ్బరు చుట్టు అతని జేబులోంచి ఇంకా తొంగి చూస్తోంది. అతను తల పైకెత్తి పైకప్పు కేసి చూశాడు. తర్వాత దించేసుకున్నాడు.

"ఏటీ నేదు."

ఇక మిగిలింది నీలవేణి.

"నాదొకటి ఉంది," అంది. "మనుషులు చేసేదే నేర్చుకోమని ఒక యంత్రానికి చెప్పాను."

ఎవరూ నవ్వలేదు. ఆమె లేచి వెళ్లి సింహాచలం ముందు చెయ్యి చాపింది. అతను ఆమె కళ్లలోకి చూడలేక, ఆ రబ్బరు చుట్టు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె హెల్మెట్ తగిలించుకుని మూడో తలుపు వైపు నడిచింది.

వెనక నాయకదర్శిని గొంతు హాలంతా వినిపించింది. "ఈ రోజు తప్పులు: ఒకటి. పేరు: నీలవేణి. నేను విన్న మూడేళ్లలో ఇంత మంచి రోజు ఇదే. చీఫ్‌కి అభినందనలు."

ముందు ఒకరు, తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు.