అట్ట మీద పేరు

"మీ నవల్లో మనుషుల కంటే వానే ఎక్కువుందండీ," అంటూ కత్తెర అనే ఆ అమ్మాయి కాగితాల కట్టని బల్ల మీద పడేసింది. "వాళ్ళు చూసుకున్నా వానే, పోట్లాడుకున్నా వానే. ఇంతకీ ఆ హీరోకి ప్రేమ పుట్టిందా, జలుబు చేసిందా?"

ఎదురుగా కూర్చున్న కుర్రాడు నొచ్చుకోలేదు సరికదా, నవ్వాడు. "మరి డైలాగులు ఎలా ఉన్నాయండీ?"

డైలాగులు బాగున్నాయి. అదే ఆమె ఏడుపు. చదువుతూ రెండు మూడు చోట్ల తనూ నవ్వింది. పైకి ఒప్పుకుంటే ఇంకేమైనా ఉందా?

"డైలాగులదేముంది, రోడ్డు మీదికెళితే బోలెడు దొరుకుతాయి," అంది.

ఆ ప్రచురణ సంస్థ ఆమె బాబాయిది. వచ్చిన నవలలు చదవడం, దిద్దడం, పనికిరాని పేజీలు కోసి పారెయ్యడం ఆమె పని. అందుకే ఆఫీసంతా ఆమెని కత్తెర అంటారు. అసలు సంగతేమిటంటే, అక్కడ అచ్చయ్యే పెద్దపెద్ద పేర్ల నవలల్లో సగానికి సగం ఆమె రాసినవే. అట్ట మీద మాత్రం ఆ మహానుభావుడి పేరు, వెనక ఆయన ఫోటో. ఆమె పేరు లోపలెక్కడో, ధర వేసే పేజీ అడుగున, 'సహకారం' అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

"రచయిత అంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఫోటో దిగేవాడు బాబాయ్," అనేది ఆమె. "సహరచయిత అంటే ఆ ఫోటోలో భుజం మాత్రం పడినవాడు. సహకారం అంటే, కాస్త పక్కకి జరగమ్మా అనిపించుకున్నది. ఇక రచయిత్రి అనే మాట నీ ప్రెస్సుకి చేతకాదనుకుంటా."

బాబాయి దున్నపోతు మీద వాన పడ్డట్టు వినేవాడు. ఆ రోజు మాత్రం ఆమెనీ, ఆ కుర్రాణ్ణీ కూర్చోబెట్టి చెప్పాడు.

"నీకు కథ కట్టడం వచ్చు, మాటలు రావు. నువ్వు రాస్తే ప్రేమికులు ఆఫీసు నోటీసుల్లా మాట్లాడుకుంటారు. ఈయనకి మాటలొచ్చు, కథ రాదు. కలిసి రాయండి. ఒక అధ్యాయం నువ్వు, ఒకటి ఈయన. ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు. చచ్చినట్టు అక్కణ్ణుంచే ఎత్తుకోవాలి."

"మరి అట్ట మీద?"

"ముందు రాయండి. బాగా రాసినవాళ్ళ పేరు వేస్తా."

ఆ అట్ట కోసమే ఆమె ఒప్పుకుంది. ఈ వాన రచయితని తొక్కెయ్యడం ఎంతసేపు అనుకుంది.

వెనక గదిలో ఒకే బల్లకి చెరోపక్క కూర్చుని మొదలుపెట్టారు. అతను హీరోయిన్ని కిటికీ దగ్గర నిలబెట్టి చినుకులు చూపిస్తే, తర్వాతి అధ్యాయంలో ఆమె కిటికీ మూయించి ఇల్లు తుడిపించింది. అతను హీరో చేత పాట పాడిస్తే, ఆమె వాణ్ణి మెట్ల మీంచి దొర్లించింది.

"పాపం, వాడి కాలెందుకు విరగ్గొట్టారండీ?"

"కుదురుగా ఒకచోట పడి ఉంటాడని."

"మంచమ్మీద పడుంటే ఇంకా ఎక్కువ మాట్లాడతాడు."

"అయితే ఈసారి దవడ."

అతను బల్ల గుద్ది మరీ నవ్వాడు. ఆ నవ్వు కోసమే తను వాక్యాలు వెతుక్కుంటోందని కత్తెరకి కొన్నాళ్ళకి అర్థమైంది. సిగ్గులేకపోతే సరి అని తనని తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే మరో వాక్యం వెతికింది.

కథ చివరికొచ్చింది. అతను తన అధ్యాయాన్ని ఎప్పటిలా బల్ల మీద పెట్టకుండా చేతికిచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. అందులో హీరో హీరోయిన్‌తో అంటున్నాడు: 'నువ్వు చదువుతావనే ప్రతి వాక్యమూ రాస్తున్నాను. నువ్వు తిట్టని రోజు నాకు రోజే కాదు. నన్ను పెళ్ళి చేసుకుంటావా?'

"వీడు బ్యాంకు గుమాస్తా కదా, వాక్యాలు రాయడమేంటి నా మొహం!" అని కత్తెర విసుక్కుంది. ముట్టుకోవడానికి లేదాయె. పైగా ముగింపుకి ముందు ఇద్దర్నీ విడదీస్తేనే కథకి పట్టు. అందుకని తన అధ్యాయంలో హీరోయిన్ చేత, 'నీ మాటలు బాగున్నాయి, నీ మీదే నమ్మకం లేదు. ఇంకోచోట చూసుకో' అనిపించి రైలెక్కించేసింది.

అతను నిలబడే చదివాడు. "ఇదేనా మీ మాట?"

"అదే. ఒక్క అక్షరం మార్చను."

"సరేనండీ," అని ఆ కాగితాలతోనే వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

చివరికి బాబాయి వచ్చాడు, చేతిలో అట్ట నమూనాతో. "ఆ అబ్బాయి ఫోన్ చేశాడమ్మా. ఆఖరి అధ్యాయం కూడా నిన్నే రాసుకోమన్నాడు. తన పేరు ఎక్కడా వద్దట. ఇదిగో, రచయిత్రి అనే వేశాను. చాలా?"

ఎంత పెద్ద అక్షరాలో! ఇన్నేళ్ళూ ఆమె ఏడ్చింది దీనికోసమే. తీరా చూస్తే చేదు మింగినట్టుంది.

ఆఖరి అధ్యాయం రాద్దామని కూర్చుంటే హీరో నోరు విప్పడు. అతని ధోరణి పట్టుకుందామని అతని అధ్యాయం మళ్ళీ తీసింది. 'నువ్వు చదువుతావనే రాస్తున్నాను.' బ్యాంకు గుమాస్తా రాయడు. మరి రాసేదెవరు? నెత్తిన మొట్టినట్టయింది. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ఏరేదానికి బల్లకి అవతల కూర్చున్న మనిషి కనపడలేదు. కత్తెరట కత్తెర, ఎందుకు తగలెయ్యనూ!

అతనింటికి పరిగెత్తింది. తలుపు తీసింది వాళ్ళమ్మ.

"రైలెక్కి వెళ్ళిపోయింది నువ్వేనా అమ్మా?"

"మీరూ చదివారా అండీ?"

"బల్ల మీద పడుంటే చదవనూ? బాగానే రాశావుగానీ, ఏం మనిషివమ్మా నువ్వు!"

"పొరపాటైపోయిందండీ."

"నాకెందుకు చెబుతావు? వాడికి చెప్పు." ఆవిడ పక్కకి తప్పుకుంది.

అతను కుర్చీలోంచి లేచాడు. "ఇంటిక్కూడా వచ్చి తిడతారా?"

"తిట్టనూ మరి? పెళ్ళి అడగాలంటే మనిషిని అడగాలిగానీ, ఎవరైనా బ్యాంకు గుమాస్తా చేత అడిగిస్తారా? జవాబు చెప్పింది ఆ అమ్మాయి, నేను కాదు. నన్నెవరడిగారు?"

"అంటే... ఆ రైలు..."

"కథ కోసం ఎక్కించాను! నువ్వు రాకపోతే నాకు రాయబుద్ధి కావడం లేదు. రాయడమేంటి, ఏమీ తోచడం లేదు. నువ్వంటే నాకిష్టం, చాలా? ఇప్పుడడుగు, నోటితో."

"నేను... అంటే మీరు... మనమిద్దరం..."

"ఛీ, ఇంత ఘోరమైన డైలాగుని నేనైతే కోసి పారేసేదాన్ని."

"నాతో ఉండిపోతారా?" అన్నాడు అతను గబుక్కున.

"ఉంటాను."

"పెళ్ళి అన్న మాట రాలేదేంరా?" అని వంటింట్లోంచి కేక వినిపించింది.

కత్తెర కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. "బాబాయ్, ఆ అట్ట ఆపు. ఇద్దరి పేర్లూ వెయ్యి."

"అలాగేలే. అతనికి సహకారం అని, కింద చిన్నక్షరాల్లో..."

"చిన్నక్షరాలు వేశావంటే ప్రెస్సుకి నిప్పెట్టేస్తాను! ఇద్దరికీ ఒకటే సైజు."

"మరి ఎవరి పేరు ముందు?"

ఆమె అతని వంక చూసింది. మీదే, మీదే అని అతను చేతులూపుతున్నాడు. ఒక్క క్షణం ఆమె మనసు మెత్తబడింది. ఒక్క క్షణమే.

"నాదే ముందు," అంది. "ప్రేమ వేరు, అట్ట వేరు."