దుమ్ము లేని మబ్బు

మంథని బస్టాండులో టీ గ్లాసు పెదవికి తాకకముందే శాస్త్రవేత్త వామనరావు కుప్పకూలాడు. సైలెన్సర్ తుపాకీ. పక్క బెంచీ మీదున్న వాడికి కూడా చప్పుడు వినపడలేదు. ఆయన సంచిలోని పెన్ డ్రైవ్ మాయమైంది. ఆయన ఆ రోజు అక్కడుంటాడని హెడ్ క్వార్టర్స్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

గోదావరిఖనిలో ఉన్న ఏజెంట్ సంపత్‌కు హైదరాబాదు నుంచి చీఫ్ ఋషికేశ్ ఫోన్‌లో బ్రీఫింగ్ ఇచ్చాడు. ధ్రువాల మీద, ఆకాశం అంచున, వేసవిలో మంచు మబ్బులు కడతాయి. కాలిపోయిన ఉల్కల దుమ్ము మీద నీటి ఆవిరి గడ్డకట్టి పుట్టే మబ్బులవి. రాడార్‌ను అవి తికమక పెడతాయి. అవి ఎప్పుడు, ఎక్కడ కడతాయో ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ వామనరావుది. అది దొరికితే శత్రువు తన మిసైల్‌ను మబ్బు చాటున తెస్తాడు.

"డ్రైవ్ మమత దగ్గరుంది. డబుల్ ఏజెంట్‌గా మనమే పంపాం, అటే ఉండిపోయింది. అవసరమైతే షూట్."

మమత సంపత్ మేనమామ కూతురు. ఇద్దరికీ లగ్గం ఖాయమయ్యాక శత్రువు గూఢచారి రింగులోకి వెళ్లింది. మళ్లీ ఫోన్ లేదు.

ఆమె వాళ్లకు పంపగా మధ్యలో చిక్కిన మెసేజ్ ఒక్కటే: "రేపు పగటీలి, బాయి కాడ."

పగటీలి అంటే మధ్యాహ్నం కనుక, మర్నాడు పొద్దున్నే కమాండోలు ఊరి బయట వ్యవసాయ బావులన్నీ చుట్టుముట్టారు. ఒక రైతు మోటారు కూడా విప్పి చూశారు. బొగ్గు బెల్టులో బాయి అంటే గని. సంపత్ ఆ సంగతి పైకి చెప్పలేదు. చెబితే ఆమె కనపడగానే కాలుస్తారు. మమతకు తెలిసిన బాయి ఆమె తండ్రి పనిచేసిన గనే; అక్కడికి ఒక్కడే బయలుదేరాడు, కార్మికుడి వేషంలో, నెత్తిన లైటు టోపీతో.

మధ్యాహ్నం షిఫ్టు మారుతోంది. జనం చెదిరాక షెడ్డు వెనక మమత కనిపించింది. డ్యూటీ బట్టల్లోనూ తిరిగి చూడాలనిపించే మనిషే. పక్కన మెషీన్ల కంపెనీ ఇంజనీరు వేషంలో విదేశీయుడు, చెవిలో ట్రాన్స్‌లేటర్. డ్రైవ్ శాటిలైట్ ఫోన్‌కు తగిలించి ఉంది. అప్‌లోడ్ సగం దాటింది.

సంపత్ పిస్టల్ ఎత్తాడు. బొటనవేలు బెల్టులోని జామర్ బటన్ మీదకు వెళ్లింది. విదేశీయుడి తుపాకీ మమత వీపుకు ఆనింది. వాడికి ఆమె మీదా నమ్మకం లేదు.

మమత తొణకలేదు. "ఏంది బావా, గింత జల్ది వచ్చినవ్? ఇల్లంత ఊడ్చిన. జర్రంత దుమ్ము లేదు. ఫికర్ చెయ్యకు."

చెవిలో ఇంటిపని వినపడి విదేశీయుడు ఎగతాళిగా నవ్వాడు.

సంపత్ వేలు ఆగిపోయింది. దుమ్ము లేకపోతే మంచు పుట్టదు. మోడల్‌లోంచి ఆమె దుమ్ము లెక్కనే తీసేసింది. ఇక అది దుమ్ము లేని చోట్ల కూడా మబ్బు చూపిస్తుంది, అన్నీ తప్పుడు మబ్బులే. నమ్ముకుని వచ్చిన మిసైల్ ఖాళీ ఆకాశంలో పట్టుబడుతుంది. కానీ శత్రువు నమ్మాలంటే ఆమె ద్రోహిగానే వెళ్లిపోవాలి. హెడ్ క్వార్టర్స్‌లో వాళ్ల చెవి ఉంది కనుక ఈ మాట చీఫ్‌కూ చెప్పకూడదు.

"మళ్ల ఎప్పుడొస్తవ్?" సంపత్ అడిగాడు.

"నాకోసం అన్నం తీసి పెట్టకు బావా."

ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు: "శాటిలైట్ సిగ్నల్ దొరికింది, లొకేషన్ తెలిసింది. టీమ్ గేటు దగ్గరుంది. షూట్!"

సంపత్ గురి తప్పించి కాల్చాడు. ఆమె చెవి పక్క నుంచి గుండు షెడ్డు రేకులో దిగింది. ఫోన్ మీద ఆకుపచ్చ గీత నిండింది. కమాండోలు వచ్చేసరికి ఇద్దరినీ ఎక్కించుకున్న కారు వెనక గేటు దాటింది.

సాయంత్రం అత్త సారవ్వకు ఆ కబురు అతనే చెప్పాలి. కూతురు దేశాన్ని అమ్ముకుని పారిపోయిందన్నాడు, తల ఎత్తకుండా. చిక్కుడుకాయలు తుంచుతున్న సారవ్వ చెయ్యి ఆగింది.

"అంగట్ల టమాటలు బేరమాడరాదు దానికి. దేశాన్ని ఎట్ల అమ్ముతది కొడుకా?"

అతను ఆమె పక్కన కూలబడి చాలాసేపు చిక్కుడుకాయలు తుంచాడు.

కేసు మొత్తంలో ఎవరూ చెప్పకుండానే నిజం పట్టుకున్నది సారవ్వ ఒక్కతే. డిపార్ట్‌మెంట్ ఆమె స్టేట్‌మెంట్ తీసుకోలేదు.