దాసుబావిలో ముద్దుకృష్ణ గొంతు

పుంగనూరు నుంచి సదుం పోయే బస్సు దిగి, కొత్తమిట్టకు మట్టిదారి పట్టుకుంటే సగం దూరంలో దాసుబావి వస్తుంది. పొద్దు గూకాక ఆ ఊళ్లో ఎవరూ దాని పేరు ఎత్తరు. ఎత్తాల్సి వస్తే "ఆ బావి" అంటారు, అంతే.

ఎప్పుడో ఒక హరికథ దాసు ఉండేవాడట. చిడతలు పట్టుకుని నిలబడితే మూడు ఊళ్ల జనం తెల్లవార్లూ కదలకుండా కూర్చునేవాళ్లట. ఒక చలికాలం ఆయన గొంతు పోయింది. మందులు మింగాడు, మొక్కులు మొక్కుకున్నాడు... రాలేదు. ఒక రాత్రి చిడతలు ఒడ్డున పెట్టి బావిలోకి దిగిపోయాడు. తెల్లారి చిడతలు దొరికాయి. దాసు దొరకలేదు.

అప్పటినుంచి ఆయన ఒక గొంతు కోసం వెతుకుతున్నాడని చెబుతారు. దారిన పోయేవాడి గొంతు నచ్చితే తీసేసుకుంటాడట. ఆ గొంతుతోనే వాణ్ని పిలుస్తాడట. ఆ బావి దగ్గర, చీకట్లో, తన గొంతు తాను విన్నవాడు పక్షం తిరక్కుండా పోతాడట.

ఇదంతా నమ్మనని గట్టిగా చెప్పేవాళ్లలో మొదటివాడు ఆ ఊరి అల్లుడు ముద్దుకృష్ణ. కాకపోతే ఆ మాట ఆయన ఎప్పుడూ పగటిపూటే చెప్పాడు.

ముద్దుకృష్ణది మదనపల్లె. తాతా, నాయనా ఇంకొకరి చేలల్లో కూలి చేసినవాళ్లు. ఈయన ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ఉద్యోగం పొట్ట కోసం, యూట్యూబు ఛానెలు లోకం కోసం. 'నిత్యజీవితంలో భగవంతుడు' అని పేరు పెట్టి రోజూ ఐదు నిమిషాలు మాట్లాడతాడు. గజేంద్రుడి కథ చెప్పి ఆఫీసు టెన్షను ఎలా తగ్గించుకోవాలో చెబుతాడు. శబరి కథ చెప్పి బస్సు లేటైతే ఓపిక ఎలా పట్టాలో చెబుతాడు. కెమెరా ముందుకు రాగానే మాట మారిపోతుంది, గొంతు బరువెక్కుతుంది, 'ఆత్మబంధువులారా' అంటాడు. చూసేవాళ్లు నాలుగు వందల పైచిలుకు. ఆ లెక్కలో భార్య భారతి లేదు.

"ఇంట్లో వినేది చాల్లేదా, ఫోన్లో కూడానా?" అంటుందామె.

ఆ వారమే కుప్పం నుంచి ఒక భజన మందిరం వాళ్లు ఫోన్ చేశారు. వచ్చే ఏకాదశికి వచ్చి మాట్లాడాలి. అంశం: 'ప్రహ్లాదుడు – భయాన్ని జయించడం ఎలా'. మనుషుల ముందు నిలబడి చెప్పడం ఇదే మొదటిసారి. ఇక ముద్దుకృష్ణకు కాళ్లు నేలమీద ఆనలేదు.

అలా గాల్లో ఉండగానే ఒక సాయంత్రం భారతి ఫోన్. ఆమె అప్పటికి రెండు రోజులుగా కొత్తమిట్టలో తల్లి దగ్గర ఉంది.

"అమ్మకు ఆయాసం ఎక్కువైండాది. నోట్లో పెట్టి పీల్చే పఫ్ అయిపోయింది. పుంగనూరులో కొత్తది తీసుకోని ఏడున్నర బస్సుకు వచ్చేయండి. సుబ్బయ్య మామ బండి పంపిద్దామంటే ఆయన చేని కాడ ఉండాడు, ఫోన్ ఎత్తలేదు."

"నా బండి మెకానిక్కు కాడ ఉండాది కదే. క్రాసు కాడ దిగి నడిసి రావాల్నా?"

"నడిసి రాండి. భయమా?"

"నాకా?" అన్నాడు ముద్దుకృష్ణ.

పుంగనూరులో పఫ్ కొని గుడ్డసంచిలో వేసుకున్నాడు. బస్సులో కుప్పం ప్రసంగం సాధన చేశాడు. 'భయమనేది మనసు కట్టుకున్న బొమ్మ...' అని గొణుగుతూ చేతులు కూడా తిప్పేసరికి పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. మిగిలిన దారంతా ముద్దుకృష్ణ తన వీడియోలు తనే చూసుకున్నాడు, ఇంకో నలుగురు చూసినట్టు లెక్క పెరుగుతుందని. దాంతో బస్సు దిగేసరికి ఫోన్ చచ్చిపోయింది.

బస్సు వెళ్లిపోయింది. ఎదురుగా మట్టిదారి... దారికి రెండు వైపులా టమేటా తోటలు. కట్టెలకు కట్టిన మొక్కలు వరసగా మనుషులు నిలబడ్డట్టే ఉన్నాయి. దూరంగా ఒకే ఒక్క బల్బు వెలుగుతోంది. ఆ బల్బు ఎక్కడ ఉందో ఆయనకు బాగా తెలుసు. దాసుబావి పక్కన కరెంటు స్తంభానికి.

విష్ణుసహస్రనామం ఎత్తుకున్నాడు. ఐదో నామం దగ్గర ఆగింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఐదు దగ్గరే ఆగింది.

సరిగ్గా బావి దగ్గరకొచ్చేసరికి చెప్పులో ముల్లు దిగింది. అడుగు తీసి అడుగు వేయలేడు. వెలుతురు అక్కడే ఉంది... కూర్చోవడానికి బావి గట్టు కూడా అక్కడే ఉంది. సంచి పక్కన పెట్టి, చెప్పు చేతిలోకి తీసుకుని ముల్లు లాగుతున్నాడు.

కరెంటు పోయింది.

బల్బు ఆరింది. అటు కొత్తమిట్ట కూడా మొత్తం ఆరిపోయింది. కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి.

అప్పుడు... బావి వైపునుంచి...

"ఒక్క క్షణం... ఆగండి."

ముద్దుకృష్ణ ఆగాడు. అసలు కదిలితే కదా.

"మీ వెనక... ఒకరు ఉన్నారు."

మెల్లగా, బరువుగా, బావి లోపల తిరిగి వస్తున్న గొంతు. ఎవరిదో వెంటనే తెలిసింది. నలభై రెండేళ్లుగా మోస్తున్న గొంతు తెలియకుండా ఎలా ఉంటుంది?

తనదే.

"వెనక్కి తిరిగి చూడకండి... నమ్మండి."

పక్షం, అనుకున్నాడు ముద్దుకృష్ణ. పదిహేను రోజులు. ఏకాదశికి ఇంకా పదకొండు రోజులుంది, కుప్పం కానిచ్చేయొచ్చు. అంత భయంలోనూ ఆ లెక్క వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాడు.

"మీరు ఎక్కడికి పరిగెత్తినా... ఆయన మీకంటే ముందే అక్కడ ఉంటాడు."

ఈ మాటతో పరుగు అందుకున్నాడు. ఒక కాలికి చెప్పు, ఒక చేతిలో చెప్పు. పంచె ఎగ్గట్టుకునే తీరిక కూడా లేదు. ఊరి వైపు పరిగెత్తాలంటే బావి దాటాలి, కాబట్టి కాళ్లు వచ్చిన దారినే పట్టాయి. తారురోడ్డు తగిలేదాకా ఆగలేదు.

రోడ్డు మీద నిలబడి రొప్పుతూ చేతులు చూసుకున్నాడు. చెప్పు ఉంది.

సంచి లేదు.

ఇంకో బస్సు వస్తే పుంగనూరు పోయి ఇంకో పఫ్ కొనుక్కుని రావచ్చు, అని మొదట అనిపించింది. ఆ వైపునుంచి ఇక బస్సు లేదు. దారిన పోయే బండి ఆపి తోడు రమ్మనొచ్చు. పది నిమిషాలు చూశాడు. ఒక్క బండి రాలేదు. ఈ పది నిమిషాలు అక్కడ అత్త పాపక్క ఎలా ఊపిరి తీస్తోందో...

అప్పుడు ప్రహ్లాదుడు గుర్తుకు రాలేదు. నూట పదమూడు ఎపిసోడ్లలో చెప్పిన ఒక్క మాట కూడా గుర్తుకు రాలేదు. పెళ్లైన కొత్తలో తనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు, ఈ అత్త ఇరవై రోజులు రాగిజావ క్యారియర్లో పోసుకుని రెండు బస్సులు మారి మదనపల్లె వచ్చింది గుర్తొచ్చింది. గ్లాసు నోటికి అందించి, "తాగు నాయనా, సల్లారిపోతాది" అనేది. కన్నతల్లి పోయాక ఆయనను అలా కసిరి తాగించినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెనక్కి నడిచాడు.

బావి దగ్గర గొంతు ఇంకా ఆగలేదు. దగ్గరికి పోయేకొద్దీ పెద్దదవుతోంది. "స్తంభంలో ఉన్నాడు... మీ పక్కనా ఉన్నాడు..." ముద్దుకృష్ణ మోకాళ్ల మీద కూర్చుని గట్టు వెంబడి చేతులతో తడిమాడు. రాయి. మట్టి. చల్లగా ఏదో... అదీ రాయే.

"దాసుగారూ," అన్నాడు గుసగుసగా. "గొంతు కావాలంటే తీసుకో సామీ. మంచిది కూడా కాదు, మా ఇంటామె వినదు. ఆ సంచి మాత్రం నాది కాదు. అది మా అత్తది."

చేతికి గుడ్డ తగిలింది. సంచి.

అప్పుడే మొహం మీద టార్చి పడింది.

"ఎవరప్పా ఆడ?"

ముద్దుకృష్ణ వేసిన కేకకు తోటలో పక్షులు లేచాయి.

"యో, అల్లుడా! నువ్వా? యాల అట్ల అరస్తావు?" అంటూ దగ్గరికొచ్చినాయన సుబ్బయ్య, బావి పక్క చేను ఆయనదే.

"మామా... బావిలో... నా గొంతు..."

సుబ్బయ్య టార్చి పైకి తిప్పాడు. బావి పక్కనున్న పాత మోటారు షెడ్డు మీద, కూరగాయల బండివాళ్లు పెట్టుకునే మైకు. దాన్నుంచి వైరు చేని మధ్యలోని గుడిసె దాకా పోయింది. మైకులో ముద్దుకృష్ణ అప్పుడే 'ఆత్మబంధువులారా' అంటున్నాడు.

"అడివి పందులు తోటను దున్నేస్తాండాయి," అన్నాడు సుబ్బయ్య. "బల్బు ఎలగతా ఉంటే రావు. కరెంటు పోతే దిగతాయి. అందుకని కరెంటు పోగానే గుడిసె కాడ బ్యాటరీ స్విచ్చి ఏస్తాను. ముందు కుక్క అరుపులు పెట్టినా, వారానికే అలవాటు పడిపోయినాయి. పులి గాండ్రింపు పెట్టినా, దానికీ అంతే. మా బిడ్డ పల్లవి నీ మాటలు చిప్పులో ఎక్కించి ఇచ్చింది సూడు... మూడు నెలలాయె. ఒక్క పంది నిలబడలేదు."

ముద్దుకృష్ణ సంచిని గుండెకు హత్తుకుని ఆ మైకు వైపు చూశాడు.

"దండం పెట్టాల నీ గొంతుకు," అన్నాడు సుబ్బయ్య, నిజంగానే చేతులు జోడించి.

నాలుగు వందల మంది కాకుండా తనకు ఇంకా శ్రోతలున్నారని, వాళ్లు ఐదు నిమిషాలు కూడా ఆగకుండా లేచిపోతున్నారని ముద్దుకృష్ణకు ఆ రాత్రి తెలిసింది. ఇంతవరకూ జరిగింది ఆయన ఎక్కడైనా నవ్వుతూ చెబుతాడు. కుప్పంలో ప్రహ్లాదుణ్ని పక్కనపెట్టి ఇదే చెప్పాడు, మందిరమంతా పడిపడి నవ్వింది. దాసుబావి పెట్టిన పక్షం గడువు దాటి రెండేళ్లయిందని చెప్పి మళ్లీ నవ్విస్తాడు.

ఆ తర్వాత జరిగింది మాత్రం అందరికీ చెప్పడు. చెప్పినా గొంతు తగ్గించి చెబుతాడు.

సుబ్బయ్య బండి మీద ఇంటికి చేరేసరికి కరెంటు ఇంకా రాలేదు. దీపం వెలుతురులో పాపక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. భారతి ఆయన చేతిలోని సంచి లాక్కున్నట్టు తీసుకుని, పఫ్ తల్లి నోట్లో పెట్టింది. ఒకసారి... రెండుసార్లు... పాపక్క ఊపిరి మెల్లగా సర్దుకుంది.

ముద్దుకృష్ణ మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాడు.

"క్షమించు అత్తా. లేటైపోయింది. భయపడి పారిపోయినా."

కుప్పంలో మాట్లాడబోయే మనిషి నోట ఆ మాట వచ్చినందుకు భారతి వింతగా చూసింది. పాపక్క ఆయన తల మీద చెయ్యి వేసింది.

"లేటు యాడ నాయనా? కరెంటు పోయి చీకటి పడగానే ఇంక ఊపిరి ఆడదు, అయిపోయింది అనుకున్నా. అప్పుడే గడప కాడ నువ్వు పలికితివి కదా. 'భయపడొద్దు అత్తా, వస్తాండాను' అని. ఆ గొంతు పట్టుకోనే ఇంతసేపూ ఓర్సుకున్నా."

"ఎవరు పలికినారమ్మా?" అంది భారతి. "నేనీడనే ఉండాను కదా. నాకేం వినపడలేదే."

ముద్దుకృష్ణ గడప వైపు చూశాడు. మైకు కిలోమీటరు దూరంలో ఉంది. అందులో ఆయన ఎవరినీ 'అత్తా' అని పిలవలేదు.

కరెంటు పోయిన ఆ కాసేపట్లో ఆయన చేతిలో చెప్పు పట్టుకుని, ఆ ఇంటికి వీపు చూపించి, రోడ్డు వైపు పరిగెత్తుతున్నాడు.