గేటు దగ్గరది లెక్కలోకి రాదు

సాయంత్రం నాలుగుంపావుకి గేటు గొళ్లెం చప్పుడైంది. వరండాలో పడుకున్న బొంగరం అనే కుక్క చెవులు రిక్కించింది. ఒక్క ఉరుకున వెళ్లి, బడి నుంచి వచ్చిన అమ్మాయి మీదకు ఎగిరింది. స్కూల్ బ్యాగు ఒకవైపు, నీళ్ల సీసా ఇంకోవైపు పడ్డాయి.

"నా బంగారుకొండా! పొద్దున్నుంచీ నాకోసమే చూస్తున్నావా?" అంటూ ఆ అమ్మాయి దాని ముందుకాళ్లు పట్టుకుని ఊపింది.

ఆ అమ్మాయిది ఐదో తరగతి. నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో అందరూ వసపిట్ట అంటారు. బొంగరం ఆమె కుక్క. తోక పట్టుకుందామని తన చుట్టూ తానే తిరుగుతుంది కాబట్టి దానికా పేరు. దానికి ఏడాది వయసు. ఎగిరితే వసపిట్ట భుజాలు అందుతాయి.

లోపల అమ్మ కుట్టుమిషన్ ఆపింది. "మళ్లీ ఎగిరిందా?"

"లేదమ్మా, బుద్ధిగా కూర్చుంది!"

ఇది పచ్చి అబద్ధం.

అమ్మ అలా అడగడానికి కారణం ఉంది. అమ్మమ్మకు తుంటి ఆపరేషన్ అయింది. ఆదివారం ఆసుపత్రి నుంచి నేరుగా ఇక్కడికే వస్తుంది. వాకర్ పట్టుకుని నడవాలి. పొరపాటున పడితే మళ్లీ ఆపరేషనే. అందుకే నాన్న ముందే తేల్చి చెప్పాడు.

"ఇది మనుషుల్ని చూస్తే కుదురుగా కూర్చోవాలి. ఆదివారానికల్లా నేర్పు. నేర్చుకోకపోతే బాబాయి వాళ్లింటికి పంపేస్తాను."

"ఎన్నాళ్లు నాన్నా?"

"అమ్మమ్మ వాకర్ లేకుండా నడిచేదాకా."

బాబాయి ఇల్లు బస్సులో ఆరు గంటల దూరం.

కుక్కల డాక్టరమ్మ ఉపాయం చెప్పింది. "ఎగిరితే దాని వైపు చూడకు. మాట్లాడకు. తిట్టను కూడా తిట్టకు. వెనక్కి తిరిగి నిలబడు. కూర్చుందా, అప్పుడు మెల్లగా పలకరించు. ఇంట్లో అందరూ ఇలాగే చెయ్యాలి తల్లీ. ఒక్కరు తప్పినా దానికి అర్థం కాదు."

హాల్లో వసపిట్ట ఇదంతా చక్కగా పాటించింది. చేతిలో బిస్కెట్ ముక్క పట్టుకుని ఓపిగ్గా నేర్పింది. కానీ గేటు దగ్గర మాత్రం పాత పద్ధతే. బడిలో కూర్చున్నంతసేపూ ఆమె ఎదురుచూసేది ఆ ఒక్క నిమిషం కోసమే. బొంగరం మీద పడి నాకితే, లోకంలో తనే అందరికంటే గొప్పదాన్ని అనిపించేది. 'మా ఇద్దరి సంగతి వేరు, గేటు దగ్గరది లెక్కలోకి రాదు' అని తనకు తానే సర్ది చెప్పుకుంది.

గురువారం హాల్లో పరీక్ష పెట్టారు. నాన్న, అమ్మ శాలువాని కప్పుకుని, అద్దెకు తెచ్చిన వాకర్ పట్టుకుని, "అబ్బా, నా నడుమే" అంటూ మూలుగుతూ వచ్చాడు. అమ్మ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. బొంగరం మాత్రం నవ్వులకూ మూలుగులకూ చలించకుండా కూర్చుంది.

"గెలిచావే!" అన్నాడు నాన్న.

శుక్రవారం నాలుగుంపావుకి గొళ్లెం తీసింది వసపిట్ట కాదు, పార్సిళ్లు తెచ్చే ఆవిడ. వసపిట్ట ఇంకా వీధిలోనే ఉంది. గొళ్లెం చప్పుడు వినగానే బొంగరం దూకింది. ఆవిడ వెల్లకిలా పడింది. మోచేయి చీరుకుపోయింది. పెట్టె పగిలి, అమ్మ తెప్పించుకున్న గుండీలు వాకిలంతా దొర్లాయి.

అమ్మ ఆవిడ చేయి కడిగి మందు రాసింది. పరుగున వచ్చిన వసపిట్ట ఒక్కో గుండీ ఏరుతూ, తలెత్తకుండా ఆవిడకు క్షమాపణ చెప్పింది.

రాత్రి ఇంట్లో అడుగుపెట్టగానే నాన్నకు విషయం తెలిసింది. ఫోన్ తీశాడు. "హాల్లో కూర్చునే కుక్క గేటు దగ్గర ఎందుకు ఎగిరింది? దీనికి బుద్ధి రాదు. తమ్ముడికి ఇప్పుడే చెప్పేస్తాను."

బొంగరం బల్ల కింద ముడుచుకుని అందరినీ చూస్తోంది. తప్పంతా దాని మీద పడింది. వసపిట్ట ఊరుకుంటే ఆమెనెవరూ ఏమీ అనరు.

"దానికి బుద్ధి ఉంది నాన్నా," అంది. "గేటు దగ్గర రోజూ నేనే ఎగరనిచ్చాను. కూర్చుందని మీకు అబద్ధం చెప్పాను."

నాన్న ఫోన్ బల్ల మీద పెట్టాడు. "రేపొక్కరోజే ఉంది" అన్నాడు.

శనివారం వసపిట్ట గేటు తీసుకుని లోపలికి రావడం, మళ్లీ బయటికి వెళ్లడం. ఎన్నిసార్లో ఆమే లెక్క మరిచిపోయింది. మొదట్లో బొంగరం ఎగిరింది, మొరిగింది, గౌను పట్టి లాగింది. ఆమె వెనక్కి తిరిగి, పెదాలు బిగించి నిలబడింది. తన మీద ఎందుకు కోపమొచ్చిందో తెలియక అది సన్నగా ఏడ్చింది. వసపిట్టకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తిరిగి చూడలేదు. చివరికి వెనకాల చప్పుడు ఆగింది. చూస్తే బొంగరం కూర్చుని ఉంది.

"మంచిదానివి," అంది మెల్లగా. మధ్యాహ్నం అమ్మ, సాయంత్రం నాన్న కూడా గేటు తీసి చూశారు. ఎవరొచ్చినా కూర్చుంది.

ఆదివారం పది గంటలకు కారు ఆగింది. నాన్న చేయి పట్టుకుని అమ్మమ్మ దిగింది. వసపిట్ట ఆమెను చూసి నెల దాటింది. "అమ్మమ్మా!" అని కేక పెట్టి, రెండంగల్లో మెట్లు దిగేసింది.

వరండాలో బొంగరం కూడా దిగ్గున లేచింది. దాని ఒళ్లంతా ఊగుతోంది. అది అమ్మమ్మను చూడటం లేదు. వసపిట్టనే చూస్తోంది.

వసపిట్ట ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మెట్టు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఒక క్షణం ఆలోచించి బొంగరం కూడా పక్కనే కూర్చుంది.

అమ్మమ్మ వాకర్ జరుపుతూ, ఆగుతూ, ఒక్కో అడుగే వేస్తూ మెట్ల దాకా వచ్చింది.

"ఏమే, పరిగెత్తుకుంటూ వచ్చి మెడకు వేలాడతావనుకున్నాను. అలిగావా?"

"లేదమ్మమ్మా," అంది వసపిట్ట గొంతు తగ్గించి. "నువ్వు ముందు లోపలికెళ్లి కూర్చో. అప్పుడు మేమొస్తాం."

అమ్మమ్మ లోపలికి వెళ్లి, కుర్చీలో సర్దుకుని కూర్చుంది. నాన్న వాకర్ తీసి పక్కన పెట్టాడు. అప్పుడు వాళ్లిద్దరూ లేచి, మెల్లగా నడుచుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లారు.