పక్కకు తిప్పిన కుర్చీ

"మా నాన్న కుర్చీ ఇలా ఉందేంటి?"

వెనకనుంచి ఆ గొంతు వినగానే పటాసు చేతిలో సుద్దముక్క ఆగింది.

తన పెళ్లి ఇంకో రెండు రోజుల్లో. ఖాళీ హాల్లో, స్టేజీ మీద మోకాళ్లపై కూర్చుని ఎవరెక్కడ నిలబడాలో గీతలు గీస్తోంది. బళ్లో లెక్కలు చెప్పే టీచరు. చిన్నప్పటినుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఇంట్లో పటాసు అన్న పేరే స్థిరపడిపోయింది. ఫోటోలు బాగా రావాలని పెళ్లిని సాయంత్రం నుంచి పొద్దుటికి మార్పించింది. స్టేజీని కిటికీలకు ఎదురుగా తిప్పించింది. మెరుపుల బట్టలు వద్దని మేనత్తలతో మాటలు పడింది. అన్నింటికీ నవ్వుతూ తలూపిన పెళ్లికొడుకు ఇప్పుడు నవ్వడం లేదు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. పనినుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చేతులకింకా గ్రీజు ఉంది.

"అందరి కుర్చీలూ కెమెరాను చూస్తున్నాయి. మా నాన్నది మాత్రం పక్కకు తిరిగిందేం?"

పటాసు నోరు తెరిచేలోపే, నిచ్చెనెక్కి వెలుతురు సరిచూస్తున్న ఫోటోగ్రాఫర్ స్నేహితురాలు కిందికి చూడకుండానే అరిచింది. "ఎడమ చెంప పడకూడదన్నావుగా! కదపకే, వెలుతురు బ్రహ్మాండంగా ఉంది!"

పక్షవాతం వచ్చి పెద్దాయన ముఖం ఎడమవైపు జారిపోయింది. మూతి కొస కిందికి దిగి, కన్ను సగమే తెరుచుకుంటుంది.

"ఓహో. మా నాన్న మూతి వంకర నీ ఫోటోలు పాడుచేస్తుందా?"

పటాసుకు ఒళ్లు మండిపోయింది. ఆ కుర్చీ అలా వేయమన్నది పెద్దాయనే. 'వాడికి చెప్పకు తల్లీ' అని ఒట్టు వేయించుకున్నదీ ఆయనే.

"నేను అలాంటిదాన్ననుకున్నావా?"

"కళ్లెదురుగా కుర్చీ ఉంటే ఇంకేం అనుకోమంటావ్? పోనీ ఎందుకో నువ్వే చెప్పు."

"చెప్పను."

"ఫోటోల పిచ్చి ముదిరి నీకు మనుషులు కనపడ్డం లేదు!"

"అన్నేళ్లు నా వెంట తిరిగావే, నా మనసెలాంటిదో తెలీలేదా?"

"వెంట తిరిగేవాడికి జడ తప్ప ఏం కనపడుతుంది?"

ఫోటోగ్రాఫర్ కిసుక్కున నవ్వి, నాలిక కరుచుకుంది. పటాసు సుద్దముక్క విసిరికొట్టింది.

"అయితే విను. ఇన్ని గీతలు గీశాను కదా, అన్నిటి మీదా నువ్వే నిలబడి పెళ్లి చేసుకో!"

విసవిసా గుమ్మందాకా వెళ్లి ఆగిపోయింది. చేతికర్రతో మెట్లెక్కి అప్పుడే పైకొచ్చిన పెద్దాయన అక్కడ నిలబడి ఉన్నాడు. పనినుంచి వస్తూ కొడుకే దారిలో బండెక్కించుకుని తెచ్చాడు. మెట్ల దగ్గర ఆలస్యమైంది. మాటలన్నీ చెవిన పడ్డాయని ముఖమే చెబుతోంది.

"ఒరేయ్, ఆ కుర్చీ నేను అడిగి వేయించుకున్నది," అన్నాడు మాట కాస్త ముద్దగా. "సెలూన్లో ఎంతమంది ముఖాలు తీర్చిదిద్దానో! ఇప్పుడు నా ముఖం నాకే చూడబుద్ధి కావట్లేదు. కోడలితో చెప్పుకున్నాను. నీకు చెప్పొద్దన్నాను."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"పొద్దున లేస్తే 'బాగున్నావు నాన్నా' అంటావు. ఇంక నీకేం చెప్పుకోనురా?"

మెకానిక్ తల దించుకున్నాడు. "నీ ముఖం జారింది నాన్నా. చూసినప్పుడల్లా నాకూ కష్టంగానే ఉంటుంది. అందుకే అలా అంటాను," అన్నాడు.

పెద్దాయన కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "నాకోసం నువ్వు కోప్పడ్డావు. నాకోసం ఆ పిల్ల మాటలు పడింది. ఏది కష్టమో నువ్వే ఆలోచించుకో."

మెకానిక్ పటాసు దగ్గరికొచ్చాడు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, కోపంతో.

"తప్పయింది."

"అయితే? నా కోపం తగ్గలేదు."

"తగ్గమనట్లేదు. పెళ్లికి కోపంతోనే రా. కానీ రా."

"వస్తా. మామయ్యకోసం."

"మరి నాకోసం?"

"నీ సంగతి అక్కడే చూస్తా. గొడవ ఇంకా పూర్తి కాలేదు."

అన్నంత పనీ చేసింది. పెళ్లి ఫోటోలు దివ్యంగా వచ్చాయి, కానీ వాటిలో సగానికి పైగా పెళ్లికూతురు కెమెరాను వదిలేసి పెళ్లికొడుకును చీవాట్లు పెడుతోంది. అతనేమో లడ్డూ దొరికిన పిల్లాడిలా వింటున్నాడు. పెద్దాయన తన కుర్చీలో పక్కకు తిరిగే కూర్చున్నాడు. ఒక్క ఫోటోలో మాత్రం నవ్వాపుకోలేక పూర్తిగా ఇటు తిరిగిపోయాడు, వంకర మూతితో సహా.

పటాసు అది ఆయనకు చూపించి, మెల్లగా అడిగింది. "తీసేయమంటారా మామయ్యా?"

ఆయన ఫోటోను దగ్గరికి తీసుకుని చూశాడు.

"ఉండనీ తల్లీ. వాడు తిట్లు తింటుంటే చూసి నవ్వడానికి ఏ మూతైతేనేం!"